పుర్రె బయట ఎనిమిది గంటలు

తోటలో కోసిన గులాబీని గ్లాసెడు నీళ్ళలో పెడితే రెండు మూడు రోజులు వాడకుండా ఉంటుంది. మందారం కొమ్మను అలాగే పెడితే ఒక్కొక్కప్పుడు వేళ్ళు కూడా వేస్తుంది. మరి మెదడును కోసి గాజుపాత్రలో పెడితే బతుకుతుందా?

ఇదేం పిచ్చి ప్రశ్న అంటారేమో. మెదడు ఎంత సుకుమారమైనదో మీరు చదువుకునే ఉంటారు. శరీరం బరువులో దాని వాటా నూటికి 2 వంతులే. కాని మనం ఊరకే కూర్చున్నప్పుడు శరీరానికి ఖర్చయ్యే ఆక్సిజన్‌లో నూటికి 20 వంతులు అదొక్కటే తీసుకుంటుంది. పోనీ, కొంత దాచుకుంటుందా అంటే అదీ లేదు. గుండె ఆగి రక్తం అందకపోతే పది పదిహేను సెకన్లలో మనిషికి స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు గడిస్తే నాడీకణాలు దెబ్బతినడం మొదలవుతుంది.

అయినా సరే, ఉదయం పది గంటలకు ఎలుక మెదడు నుంచి కోసిన పలుచని ముక్కలు సాయంత్రం ఆరు దాకా గాజుపాత్రలో బతికి ఉండడం ఎన్నో ప్రయోగశాలల్లో రోజూ జరిగే పనే. సన్నని తీగతో కాస్త విద్యుత్తు తాకిస్తే ఆ ముక్కలు బదులు కూడా చెప్తాయి. తలలో ఉన్నప్పుడు నాలుగైదు నిమిషాలు ఓర్చుకోలేని కణాలు తల బయట ఎనిమిది గంటలు ఎలా ఓర్చుకుంటున్నాయి? ఈ చిక్కుముడి విప్పుదాం.

కథ ఒక కప్ప గుండెతో మొదలవుతుంది. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీటిలో కొట్టుకునేలా చేస్తుండేవాడు. మామూలు ఉప్పు కలిపిన నీటిలో గుండె చాలాసేపు కొట్టుకుంటున్నదని 1882లో ప్రకటించాడు. తరువాత తెలిసిందేమిటంటే, ఆ ఉప్పునీరు స్వేదన జలంతో చేసింది కాదు. ఊరికి సరఫరా అయ్యే కుళాయి నీటితో చేసింది. నిజంగా స్వేదన జలంలో ఉప్పు కలిపి చూస్తే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది! కుళాయి నీటిలో ఉన్న కొద్దిపాటి కాల్షియమే గుండెను నడిపించిందన్నమాట. రింగర్ తన పొరపాటును దాచుకోలేదు. 1883లో ఉన్నది ఉన్నట్లు రాసి, సోడియం, పొటాషియం, కాల్షియం ఏ పాళ్ళలో ఉండాలో తేల్చాడు. ‘రింగర్ ద్రావణం’ పేరు ఆసుపత్రుల్లో సెలైన్ సీసాల మీద ఇప్పటికీ కనబడుతుంది. ఈసారి చూడండి.

గుండెకు పనికొచ్చిన ఉపాయం మెదడుకు అలాగే పనికిరాదు. కప్ప గుండె చిన్నది, చల్లని నెత్తురు జంతువుది. వెచ్చని నెత్తురు జంతువు మెదడుకు ఆకలి చాలా ఎక్కువ. ఆ ఆకలి దేనికో ముందు తెలుసుకోవాలి.

నాడీకణం ఒక కారే పడవ లాంటిది. కణం బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. బయటి సోడియం సందు దొరికితే చాలు లోపలికి ఊరుతూనే ఉంటుంది. పడవవాడు నీళ్ళు తోడిపోసినట్లు కణం ఆ సోడియంను క్షణం తీరిక లేకుండా బయటికి తోడిపోస్తూ, పొటాషియంను లోపలికి చేర్చుకుంటూ ఉండాలి. ఈ తేడా వల్లనే కణం పొరకు లోపలా బయటా మధ్య ఒక వోల్టులో సుమారు పద్నాలుగో వంతు విద్యుత్ పీడనం నిలిచి ఉంటుంది. నాడీ సంకేతాలన్నీ ఆ పీడనం మీదనే నడుస్తాయి. తోడే పనికి ఇంధనం ఏటీపీ అనే పదార్థం. ఏటీపీ తగ్గినప్పుడు దాన్ని చప్పున భర్తీ చేసేది ఫాస్ఫోక్రియాటిన్. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి అమెరికాలో 1927లో కండరాలలో కనుగొన్న పదార్థమే అది. మెదడులోనూ ఉంది. కాని అది ఎంతోసేపు రాదు.

ఆక్సిజన్ అందకపోతే ఏటీపీ తయారు కాదు, తోడకం ఆగిపోతుంది. సోడియం లోపలికి వస్తుంది, దాని వెంట నీరు వస్తుంది, కణం ఉబ్బిపోతుంది. అంతటితో అయిపోతే నయమే. ఉబ్బిన కణం తనలోని గ్లూటమేట్ అనే రసాయనాన్ని బయటికి వదిలేస్తుంది. మామూలుగా ఒక కణం ఇంకొక కణానికి కబురు పంపేది దీనితోనే. అంత గ్లూటమేట్ ఒక్కసారిగా వచ్చి పడితే పక్క కణాల తలుపులన్నీ తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి దూసుకుపోయి కణాన్ని పాడుచేస్తుంది. ఒక తాటాకింటికి నిప్పంటుకుంటే వీధంతా అంటుకున్నట్లే.

కాబట్టి ముక్కను బతికించడమంటే మూడు పనులు చేయడం: ఆక్సిజన్ అందించడం, పడవలోకి నీరు ఊరే వేగం తగ్గించడం, ఆ మొదటి తాటాకిల్లు అంటుకోకుండా చూడడం.

ఎంత పలుచన?

పుర్రెలో ఉన్నప్పుడు ప్రతి నాడీకణానికీ అతి దగ్గరలో ఒక కేశనాళిక ఉంటుంది. దూరం ఇంచుమించు ఇరవై మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముక్క కోశాక రక్తం ప్రవహించదు. ఆక్సిజన్ బయటి ద్రవంలోంచి ముక్క లోపలికి తనంతట తాను వ్యాపించుకుంటూ పోవాలి. వ్యాపనానికి ఒక ఇబ్బంది ఉంది: దూరం రెట్టింపయితే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. దారిలో ఉన్న కణాలు ఊరుకుంటాయా? వచ్చిన ఆక్సిజన్‌ను వచ్చినట్లే తినేస్తాయి. ముక్క మందమైతే నడిమి కణాలకు ఏమీ మిగలదు.

ఈ లెక్కను 1923లో జర్మనీలో ఓటో వార్బర్గ్ కట్టాడు. కణజాలం ఎంత ఆక్సిజన్ తింటుందో, బయట ఎంత ఉందో తెలిస్తే ముక్క ఎంత మందం దాకా ఉండవచ్చో ఆయన సూత్రం చెప్తుంది. దాని ప్రకారం మందం అర మిల్లీమీటరు దాటకూడదు. అలాగని మరీ పలుచగా కోస్తే ఇంకో చిక్కు. బ్లేడు తగిలిన రెండు ముఖాల మీదా ఒక్కొక్క వైపు సుమారు యాభై మైక్రాన్ల లోతు దాకా కణాలు తెగి చస్తాయి. వంద మైక్రాన్ల ముక్క కోశారనుకోండి, మిగిలేది ఏముంది? పైగా నాడీకణాల తీగలు పొడవైనవి. ముక్క పలుచనయ్యేకొద్దీ తెగిపోయే తీగలు ఎక్కువ. తీగలు తెగిన టెలిఫోన్లను ఎన్ని పోగుచేసినా సంభాషణ వినబడదు. అందుకే శాస్త్రజ్ఞులు 300, 400 మైక్రాన్ల మధ్య రాజీపడ్డారు. నాలుగైదు తలవెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం.

చాలాకాలం ఇలాంటి ముక్కలతో రసాయన పరీక్షలు మాత్రమే చేసేవారు. ముక్క ఎంత గ్లూకోజ్ తింటుంది, ఎంత ఆక్సిజన్ పీలుస్తుంది అని. అది శ్వాసిస్తుందని తెలుసు. కాని మెదడులా పనిచేస్తుందా? లండన్‌లో హెన్రీ మెకిల్వైన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నను పట్టుకు వదలలేదు. ముక్కల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఎంత ఉందో కొలిచి వాటి సత్తువను అంచనా కట్టాడు. 1957లో లీ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి, ముక్కలోని కణాలు తమ విద్యుత్ పీడనాన్ని నిలుపుకుంటున్నాయని చూపాడు. 1966లో యమమోటో అనే జపాను శాస్త్రజ్ఞుడూ ఆయనా గినీపంది మెదడులో వాసనను గ్రహించే భాగం నుంచి ముక్కలు తీశారు. వాసన కబుర్లు మోసుకొచ్చే నాడీతంతువుల కట్టను మీటారు. ఆ అవతల ఉన్న కణాలు బదులిచ్చాయి! బతికున్న జంతువు మెదడులో కనబడే విద్యుత్ తరంగాలను పోలిన తరంగాలే గాజుపాత్రలోనూ కనిపించాయి. ముక్కలో కణం కణంతో మాట్లాడుతూనే ఉంది.

కోత

ఇప్పుడు ప్రయోగశాలలోకి వెళ్దాం. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పనిలో ఒక జంతువు ప్రాణం పోతుంది. దానికి మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా చేసిన తరువాతనే మెదడు తీస్తారు. మన దేశంలో 1960 నాటి చట్టం కింద ఏర్పడిన సంఘాల అనుమతి లేనిదే ఇలాంటి ప్రయోగం చేయకూడదు. ఒక్క ఎలుక నుంచి పది దాకా ముక్కలు వస్తాయి. అవి సాయంత్రం దాకా బతికితే ఆ ఒక్కదానితో బోలెడు కొలతలు పూర్తవుతాయి. గంటలోనే చస్తే ఆ ప్రాణం వృథా. రేపు మరొకటి కావాలి. కాబట్టి ముక్కను బతికించే నేర్పును పనితనమని మాత్రమే అనుకోకూడదు, అది ఒక బాధ్యత కూడా. ముక్కకు బాధ ఉంటుందా అని మీరు అడగవచ్చు. నొప్పి తెలియాలంటే మెదడులోని అనేక భాగాలు కలిసి పనిచేయాలి. అర మిల్లీమీటరైనా లేని ముక్కలో అవి లేవు.

మత్తులో ఉన్న జంతువు మెదడును ఒక నిమిషం అటూ ఇటూగా బయటికి తీసి, మంచులా చల్లబరచిన ద్రావణంలో వేస్తారు. ఇక్కడే మన చిక్కుముడిలో మొదటి ముడి విడిపోతుంది. చల్లదనంలో రసాయన క్రియలు మందగిస్తాయి. పది డిగ్రీలు తగ్గితే వేగం సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. ఆకలి తగ్గిన కణం ఆక్సిజన్ లేకుండా ఇంకాసేపు ఓర్చుకుంటుంది. నాలుగైదు నిమిషాల గడువు వెచ్చటి మెదడుకు. చల్లటి మెదడుకు గడువు పెరుగుతుంది.

మెదడు మెత్తదనం ఎలాంటిదంటే, జున్నును గుర్తు తెచ్చుకోండి. జున్నును చాకుతో నొక్కితే చితుకుతుంది. రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ నెమ్మదిగా దించితే నున్నగా తెగుతుంది. ఈ పని చేసే యంత్రంలో కొత్త బ్లేడు క్షణానికి ఎన్నోసార్లు పక్కలకు కంపిస్తూ, నత్తనడకన ముందుకు పోతుంది. మెదడు కదలకుండా దాని అడుగును పీఠానికి జిగురుతో అంటిస్తారు. ఏ జిగురనుకున్నారు? విరిగిన బొమ్మలకు మనం వాడే, చిటికెలో పట్టుకునే సయనోఅక్రిలేటే!

ఏ వైపు నుంచి కోస్తామన్నది కూడా ముఖ్యమే. జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్ అనే భాగాన్ని చుట్టిన చాపలా ఊహించుకోండి. చాపచుట్టను అడ్డంగా ఎక్కడ కోసినా ప్రతి ముక్కలోనూ అదే సుడి కనబడుతుంది గదా. హిప్పోకాంపస్‌ను అడ్డంగా కోస్తే కణాల వరుసలు, వాటిని కలిపే తీగలు చాలావరకు ముక్కలోనే మిగులుతాయి. ఈ సంగతిని వాడుకుని 1971లో నార్వేలోని ఓస్లో నగరంలో స్క్రేడే, వెస్ట్‌గార్డ్ చేసిన ముక్కలు తరువాత ప్రపంచమంతటా వ్యాపించాయి.

కోసే సమయంలో వాడే ద్రావణం వేరు. తాటాకిళ్ళు అంటుకునేది అప్పుడే కాబట్టి అందులో కాల్షియం తగ్గించి, మెగ్నీషియం పెంచుతారు. దానివల్ల గ్లూటమేట్ విడుదల తగ్గుతుంది, కాల్షియం లోపలికి పోయే దారులు మూతపడతాయి. 1989 నుంచి కొందరు సోడియంను తీసేసి, దాని బదులు చక్కెర కలుపుతున్నారు. అవును, మనం కాఫీలో వేసుకునే చక్కెరే! బయట సోడియం లేకపోతే పడవలోకి ఊరేదేముంది?

చక్కెర ఊరకే వేస్తే కాదు, లెక్క ఉండాలి. మాగాయ కోసం ఉప్పులో వేసిన మామిడి ముక్కలు ఊట వదిలి ముడుచుకుంటాయి. నీళ్ళలో వేసిన కిస్మిస్ ఉబ్బుతుంది. ద్రావణంలో కరిగిన పదార్థం ఎక్కువైతే కణం మాగాయ ముక్క, తక్కువైతే కిస్మిస్.

ఉప్పు, చక్కెర, బుడగలు

కోత అయిన తరువాత ముక్కలు ఉండే ద్రావణాన్ని కృత్రిమ మస్తిష్క మేరుద్రవం అంటారు. పేరు భయపెడుతుంది గాని లీటరు నీటికి దినుసులు ఇవి: మామూలు ఉప్పు సుమారు 7.3 గ్రాములు, సోడియం బైకార్బొనేట్ 2.2 గ్రాములు, గ్లూకోజ్ 1.8 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ గ్రాములో అయిదో వంతు, చిటికెడు చొప్పున ఫాస్ఫేట్, కాల్షియం, మెగ్నీషియం లవణాలు. గ్లూకోజ్ లెక్క చూశారా? వంద మిల్లీలీటర్లకు 180 మిల్లీగ్రాములు. మీ తాతగారి రక్తపరీక్ష కాగితంలో పరగడుపున ఆ అంకె కనబడితే డాక్టరు కోప్పడతాడు! ముక్కకు మాత్రం ఉదారంగా వడ్డిస్తారు, రక్తనాళాలు లేవు గదా.

ఈ ద్రావణంలోకి ఒక సిలిండర్ నుంచి ఎడతెగకుండా వాయువు బుడగలుగా పంపుతారు. మామూలు గాలి ఎందుకు చాలదు? వంద మిల్లీలీటర్ల రక్తం సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది, దానిలోని హిమోగ్లోబిన్ పుణ్యాన. ఉప్పునీటికి హిమోగ్లోబిన్ లేదు. శరీరంలో ఉండే పీడనం వద్ద వంద మిల్లీలీటర్ల ఉప్పునీటిలో కరిగేది 0.3 మిల్లీలీటరు మాత్రమే. అందుకని నూటికి 95 పాళ్ళు ఆక్సిజన్ ఉన్న వాయువును పంపుతారు. అప్పుడైనా 2 మిల్లీలీటర్లే కరుగుతుంది, రక్తంలో పదోవంతు. ముక్క పలుచగా ఉండబట్టి, ద్రావణం ఆగకుండా మారుతూ ఉండబట్టి ఆ పదోవంతుతోనే నెట్టుకొస్తుంది.

మిగిలిన 5 పాళ్ళు? బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డై ఆక్సైడ్! మనం వదిలేసే వాయువును కొని మరీ పంపడమేమిటి? అది నీటిలో కరిగి పలుచని ఆమ్లమవుతుంది. అటు బైకార్బొనేట్ క్షారం. రెండూ తూగితే ద్రావణం పీహెచ్ మన రక్తంలో మాదిరిగా 7.4 దగ్గర నిలబడుతుంది. బుడగలు ఆగితే కార్బన్ డై ఆక్సైడ్ ఎగిరిపోతుంది, క్షారం పెరుగుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే కాల్షియం కూడా విడిపోయి ద్రావణం పాలచుక్క కలిసినట్లు మసకబారుతుంది. అనుభవజ్ఞులు ముందు కాసేపు బుడగలు పంపి, ఆ తరువాతనే కాల్షియం కలుపుతారు. సిలిండరు భోజనాల వేళ ఖాళీ అయి, ఎవరూ చూసుకోకపోతే ఆ రోజు పని అంతటితో సరి.

గాజుపాత్ర సంగతి కూడా చెప్పాలి. వేరే పనికి ఫార్మలిన్ పోసిన బీకరును ఎంత కడిగినా ముక్కల ద్రావణానికి వాడరు. మిగిలిన ఏ కాస్తయినా ముక్కలకు విషమే. ఈ గది బీకర్లకు వేరే గూడు, వేరే తాళం! రింగర్ కుళాయి నీటి కథ తెలిసినవారికి ఈ జాగ్రత్త అతిగా కనబడదు.

పాత్ర మధ్యలో నైలాను వల కట్టి దాని మీద ముక్కలను పరుస్తారు, పైనుంచీ కిందినుంచీ ద్రావణం తగిలేలాగ. అరగంట సేపు 32, 34 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, తరువాత గది వేడిమిలో వదిలేస్తారు. మొత్తం మీద ఒక గంట ముక్కల జోలికి పోకూడదు. కోతలో లోపలికి ఊరిన సోడియంను తోడిపోసుకుని కణాలు సర్దుకోవాలి. తొందరపడి మొదటి ముక్కను వెంటనే తీసుకునే కొత్తవాళ్ళకు ఏ బదులూ రాదు.

తరువాత ఒక ముక్కను సూక్ష్మదర్శిని కింది చిన్న తొట్టిలోకి మారుస్తారు. ద్రావణం ప్రవాహానికి కొట్టుకుపోకుండా ఒక బుల్లి వీణను దాని మీద ఉంచుతారు: వంచిన ప్లాటినం తీగ చట్రం, దానికి బిగించిన నైలాను పోగులు. ఆ పోగులను స్త్రీలు తొడిగే నైలాన్ మేజోళ్ళ నుంచి లాగడం చాలా చోట్ల వాడుక. ఇప్పుడు కణాలను వెతకాలి. ఒక తమాషా చూడండి: కంటికి కొట్టొచ్చినట్లు గుండ్రంగా, స్పష్టంగా మెరిసే కణం దాదాపు ఎప్పుడూ చస్తున్న కణమే. ఆరోగ్యంగా ఉన్నది నున్నగా, చుట్టూ ఉన్నదానిలో కలిసిపోయి, ఉందా లేదా అన్నట్లుంటుంది. దాన్ని ఒకటి రెండు మైక్రాన్ల మొన ఉన్న గాజు నాళికతో తాకి, కొద్దిగా పీల్చి పట్టుకుంటారు. ఈ పద్ధతిని 1976లో కనిపెట్టిన నేహర్, సాక్‌మన్‌లకు 1991లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత శ్రమ ఎందుకు, బతికున్న జంతువు మెదడులోనే కొలవవచ్చు గదా? కొలుస్తారు కూడా. కాని అక్కడ గుండె కొట్టుకున్నప్పుడల్లా మెదడు అదురుతుంది, గాజు మొన జారుతుంది. లోతున ఉన్న కణం కనబడదు. ఒక మందు చుక్కను కావలసిన చోటికి పంపడం కష్టం. ముక్కలో ఇవన్నీ సులువు. నష్టమూ ఉంది: దూరం నుంచి వచ్చే తీగలన్నీ తెగిపోయాయి కాబట్టి ముక్క చెప్పింది మొత్తం మెదడుకు వర్తిస్తుందో లేదో మళ్ళీ సరిచూసుకోవాలి.

ఈ పరీక్ష రెండు వైపులా జరిగిన ఉదాహరణ ఒకటుంది. 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు మత్తులో ఉన్న కుందేళ్ళ హిప్పోకాంపస్‌లో ఒక వింత గమనించామని ప్రకటించారు. నాడీమార్గాన్ని కొద్దిసేపు గట్టిగా మీటితే ఆ తరువాత అది ఇచ్చే బదులు గంటల తరబడి బలంగా ఉండిపోతోంది. జ్ఞాపకం ఏర్పడే తీరు ఇదేనా అన్న ఆశ పుట్టింది. 1975లో ముక్కల్లోనూ అదే కనబడింది. గంటల తరబడి నిలిచే మార్పును చూడాలంటే ముక్క కూడా గంటల తరబడి నిలవాలి. రెండు గంటలకు బదులు తగ్గితే, తగ్గింది జ్ఞాపకమా, ముక్క ప్రాణమా? తెలిసే దారి లేదు. ఎనిమిది గంటల ఆయువు ఎందుకు కావలసి వచ్చిందో ఇప్పుడు అర్థమయింది గదా.

ద్రావణంలో ఒక చిటికెడు తేడా ఏం చేస్తుందో ఇంకొకటి చెప్తాను. పారుతున్న ద్రావణంలో మెగ్నీషియం లేకుండా చేస్తే కాసేపటికి ముక్కలోని కణాలన్నీ ఒక్కుమ్మడిగా విద్యుత్ సంకేతాలు కురిపిస్తాయి. మూర్ఛ వచ్చిన మనిషి మెదడులో జరిగేది ఇలాంటిదే. గ్లూటమేట్ తెరిచే ఒక రకం తలుపుకు మెగ్నీషియం బిరడాలా అడ్డం ఉంటుందని 1984లో తేలింది. బిరడా తీస్తే కట్ట తెగినట్లే. ఈ ‘మూర్ఛ’ ముక్కపై ఒక మందు చుక్క వేసి, తుఫాను ఆగుతుందా లేదా అని నిమిషాల్లో చూడవచ్చు. ప్రపంచంలో మూర్ఛతో బాధపడేవారు సుమారు 5 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

వారిలో మందులకు లొంగని కొందరికి మూర్ఛ పుట్టే భాగాన్ని శస్త్రచికిత్సతో తీసేయవలసి వస్తుంది. ఆ దారిలో అడ్డం వచ్చే కొద్దిపాటి మంచి కణజాలం కూడా తీయక తప్పదు. ఒకప్పుడు దాన్ని పారవేసేవారు. ఇప్పుడు అమెరికాలో సియాటిల్‌లోని అలెన్ సంస్థ వంటి చోట్ల, రోగి అంగీకారంతో ఆ ముక్కను ప్రయోగశాలకు తెచ్చి, ఎలుక మెదడుకు చేసిన ఉపచారాలన్నీ చేసి, మనిషి నాడీకణాలను నేరుగా పరీక్షిస్తున్నారు. జాగ్రత్తగా చూస్తే ఈ ముక్కలు ఒక రోజు దాటి కూడా బతుకుతాయి. శస్త్రచికిత్స ఏ వేళకు ముగుస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి ఒక మనిషి చల్లని ద్రావణం సీసా పట్టుకుని ఆపరేషను గది దగ్గర గంటల తరబడి కాచుకుని ఉంటాడు. కణజాలం సీసాలో పడిన క్షణం నుంచి పరుగే. దారి పొడుగునా ఆ సీసాలోకి ఒక బుల్లి సిలిండరు నుంచి బుడగలు పోతూనే ఉంటాయి.